బడి ఆటలు - రాజ్యం - హాజరుపట్టీ

సమాజ చరిత్ర రాసేవాడు రాజుల వంశావళితోనూ యుద్ధాల తేదీలతోనూ సరిపెట్టుకోకుండా, ప్రజలు ఏం తిన్నారు, ఏం కట్టుకున్నారు, తీరిక దొరికినప్పుడు ఏ ఆటలు ఆడారు అని కూడా అడగాలి. ఈ ప్రశ్న వేసి, దానికి తెలుగు కావ్యాల్లోంచే జవాబు రాబట్టిన గ్రంథం సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'. 1949లో వెలువడి, 1955లో తెలుగులో తొలి కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి పొందిన ఆ పుస్తకంలో పాల్కురికి సోమన మొదలు హంసవింశతి కర్త అయ్యలరాజు నారాయణామాత్యుడి వరకు కవులు పేర్కొన్న ఎన్నో ఆటలు చరిత్రకు సాక్ష్యాలుగా నిలబడ్డాయి. ప్రతాపరెడ్డిగారు మా అలంపురం ప్రాంతంవారు. 1952లో వనపర్తి నుంచి శాసనసభకు ఎన్నికైనవారు. కాబట్టి ఈ ప్రశ్న మా నేల మీద పుట్టిన ప్రశ్నే.

ఆయన పద్ధతినే మన కాలానికి అన్వయించి చూద్దాం. రేపు ఎవరైనా మన తరం సాంఘిక చరిత్ర రాయడానికి కూర్చుంటే, మన కథల్లోనూ నవలల్లోనూ పిల్లల ఆటల గురించి వారికి ఏం సాక్ష్యం దొరుకుతుంది? బడి దొరుకుతుంది. బెత్తం పట్టిన పంతులు దొరుకుతాడు. కులం కారణంగా వెనక బెంచీలో కూర్చున్న పిల్లవాడు కూడా దొరుకుతాడు. ఇవన్నీ మన అభ్యుదయ సాహిత్యం సాధించినవే. కాని బడి వెనక ఉన్న ఆటస్థలం దాదాపుగా దొరకదు. డ్రిల్లు సారు దొరికినా ఈల మెడలో వేసుకుని నవ్వు పుట్టించే పాత్రగానే దొరుకుతాడు. ఆటను మనం బాల్యపు ఆనందంగా, జ్ఞాపకంగా రాశాం. ఆటను రాజ్యం నియంత్రించే ఒక వ్యవస్థగా చూడలేదు.

2016 అక్టోబరు 11న మూడు వేరు వేరు జిల్లాలుగా ఏర్పడిన గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలను ఆధారం చేసుకుని ఆ లోటును కొంతైనా పూరించాలన్నది ఈ వ్యాసం ఉద్దేశం. నా ప్రతిపాదన ఇది: బడిపిల్ల మైదానంలో అడుగుపెట్టకముందే ఆమె ఆడవచ్చునో లేదో నిర్ణయమైపోతుంది. నిర్ణయించేది కాగితం. కాగితం వెనక రాజ్యం ఉంది. రాజ్యానికి కనిపించీ కనిపించనట్టుగా ఉండే పొలం, కూలి, వలస ఆ రాజ్యం వెనక ఉన్నాయి.

1. అనుమానించిన రాజ్యం

గద్వాల, వనపర్తి సంస్థానాలు నిజాం రాజ్యంలో అంతర్భాగాలు. గద్వాల ప్రభువుల సాహిత్య పోషణ మూలంగా ఆ ఊరికి విద్వద్గద్వాల అన్న పేరే వచ్చింది. కావ్యాలు అంకితం పుచ్చుకున్న కోటలు అవి. అదే కోటల చుట్టూ వెట్టి చేసిన కులాల పిల్లలకు బడే లేదు. బడి లేనిచోట బడి ఆటల ప్రసక్తి ఉండదు. వాళ్లకు ఉన్నవి వీధి ఆటలు: చిర్రగోనె, గోలీలు, చెడుగుడు, వెన్నెల రాత్రుల్లో ఆడపిల్లల పాటలతో కూడిన ఆటలు. వీటి మీద ఏ రాజ్యమూ ఏ నిబంధనా విధించలేదు, ఎందుకంటే వీటిని ఏ రాజ్యమూ లెక్కలోకి తీసుకోలేదు.

రాజ్యం లెక్కలోకి తీసుకున్నది యువకులు గుంపుగా చేరే చోట్లను. 1920లలో, 30లలో హైదరాబాదు రాజ్యంలో బహిరంగసభ జరపాలంటే 'గస్తీ నిషాన్ 53' ప్రకారం ముందస్తు అనుమతి కావాలి. ప్రైవేటు పాఠశాల తెరవాలంటే అనుమతి కావాలి. కుస్తీ పట్టడానికీ సాము చేయడానికీ తాలీంఖానా పెట్టుకోవాలన్నా ఆంక్షలే. 1938-39లో ఆర్యసమాజం జరిపిన సత్యాగ్రహంలో మతపరమైన కోర్కెలతోపాటు ప్రైవేటు బడుల మీదా వ్యాయామశాలల మీదా ఉన్న ఆంక్షలు తొలగించాలన్న కోర్కె కూడా ఉంది. సభ, బడి, వ్యాయామశాల అనే మూడింటినీ రాజ్యం ఒకే కంటితో చూసిందన్నది ఇక్కడ గమనించాల్సిన సంగతి. కలిసి మాట్లాడుకునేవాళ్లు, కలిసి చదువుకునేవాళ్లు, కలిసి కండలు పెంచుకునేవాళ్లు, ముగ్గురూ ప్రమాదకారులే. 1930లో జోగిపేటలో ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన తొలి ఆంధ్ర మహాసభ ఇటువంటి వాతావరణంలో జరిగింది.

ఇదే కాలంలో రాజధానిలో మరో ధోరణి కూడా ఉంది. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో టెన్నిస్ ఆడి, రంజీ ట్రోఫీలో మొట్టమొదటి శతకం చేసిన సయ్యద్ మొహమ్మద్ హాదీ హైదరాబాదు రాష్ట్ర వ్యాయామ విద్యకు సారథి అయ్యారు. భారత ఫుట్‌బాల్ జట్టుకు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం సాధించిపెట్టిన శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్ హైదరాబాదులో బడిపంతులుగా జీవితం మొదలుపెట్టినవాడే. ఒక సామాన్య బడిపంతులు దేశానికి ఆట నేర్పగలిగాడంటే ఆ నగర పాఠశాలల్లో మైదానాలు, పోటీలు, పోషణ ఉన్నాయన్నమాట. నగరానికి మైదానం, జిల్లాలకు అనుమానం. ఈ అసమానత నిజాంతోనే అంతం కాలేదు.

2. క్రమశిక్షణ కోరిన రాజ్యం

స్వాతంత్య్రానంతరం అనుమానం స్థానంలో ఆశయం వచ్చింది. కాని ఆ ఆశయం ఆటగాడి ఆనందం కాదు, పౌరుడి క్రమశిక్షణ. అఖిల భారత క్రీడా మండలి, భారత పాఠశాల క్రీడల సమాఖ్య, జాతీయ క్రమశిక్షణ పథకం మూడూ 1954లోనే మొదలయ్యాయి. 1857 తిరుగుబాటుకు నూరేళ్లు నిండిన సందర్భంగా 1957లో గ్వాలియర్‌లో ఝాన్సీ లక్ష్మీబాయి పేర జాతీయ వ్యాయామ విద్యా కళాశాల వచ్చింది. 1962 చైనా యుద్ధం తర్వాత కళాశాలల్లో ఎన్.సి.సి. నిర్బంధమైంది. 1965లో క్రమశిక్షణ పథకం తదితరాలను కలిపి జాతీయ దారుఢ్య దళం అన్నారు. మా తరంవాళ్లు బడిలో విన్న 'సావధాన్, విశ్రామ్' అన్న కేకల వెనక ఇంత చరిత్ర ఉంది. ఆట పీరియడుకు డ్రిల్లు పీరియడని పేరు రావడం యాదృచ్ఛికం కాదు.

ఇది మనదేశపు విడ్డూరం అనుకోనక్కర్లేదు. బోయర్ యుద్ధానికి పనికివచ్చే దేహదారుఢ్యం చాలామంది శ్రామిక యువకుల్లో లేదని కనుగొన్న తరువాతనే బ్రిటిష్ ప్రభుత్వం 1902లో సైనిక తరహా కసరత్తును బడుల్లో ప్రవేశపెట్టింది. 1931లో సోవియట్ యూనియన్ మొదలుపెట్టిన కార్యక్రమం పేరే 'శ్రమకూ రక్షణకూ సిద్ధం'. అక్కడ ఉద్దేశాన్ని దాచుకోలేదు. పైగా ఆ కార్యక్రమం ఎంపికైన కొద్దిమందికి కాక కోట్లాది మందికి ఉద్దేశించింది. అమెరికాలో 1972లో వచ్చిన తొమ్మిదో అధికరణం మరో మార్గం తీసుకుంది. కేంద్ర నిధులు పొందే ఏ విద్యాసంస్థలోనైనా స్త్రీ అన్న కారణంగా ఎవరినీ ఏ కార్యక్రమం నుంచీ మినహాయించరాదని ఆ చట్టం చెప్పింది. బడి ఆటల్లో ఆడపిల్లల సంఖ్య ఆ దేశంలో అనేక రెట్లు పెరగడానికి దారి తీసింది అదే. రాజ్యం ఆటను నియంత్రించడం అన్నిచోట్లా ఉంది. ఎవరి కోసం నియంత్రిస్తున్నది అన్నదే ప్రశ్న.

మన రాజ్యాంగం ఏం చెప్పింది? ఏడో షెడ్యూలు, రాష్ట్ర జాబితా, 33వ అంశం చూడండి. నాటకశాలలు, సినిమాలు, వినోదాలతో కలిపి క్రీడలను అక్కడ చేర్చారు. విద్య కూడా మొదట రాష్ట్ర జాబితాలోనే వేరే అంశంగా ఉండేది. 1976 నాటి 42వ సవరణ విద్యను ఉమ్మడి జాబితాకు మార్చింది. ఆట మాత్రం వినోదాల సరసనే మిగిలిపోయింది. అంటే రాజ్యాంగం దృష్టిలో బడిలో జరిగే పాఠం విద్య, బడిలో జరిగే ఆట వినోదం. పరీక్షలు దగ్గరపడగానే ఆట పీరియడును లెక్కల సారు అడిగి తీసుకోవడంలోనూ, ఆ సారు అడగకముందే తెలుగు పంతులైన నేను తీసుకోవడంలోనూ ఈ విభజనే పనిచేస్తున్నది.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలన్నది. ఎంత స్థలమో చెప్పలేదు. ఆరు నుంచి ఎనిమిది తరగతులున్న బడిలో పిల్లల సంఖ్య నూరు దాటితేనే వ్యాయామ విద్యకు బోధకుడు ఉండాలన్నది, అదీ పార్ట్‌టైం బోధకుడు. నూరు దాటని పల్లె బడికి చట్టరీత్యా ఆ బోధకుడే అక్కర్లేదు. మా మూడు జిల్లాల్లో అటువంటి బడులు ఎన్ని ఉంటాయో ఆ దారుల్లో బస్సెక్కి తిరిగిన ఏ ఉపాధ్యాయుడినడిగినా చెబుతాడు. భారతదేశం 1992లో అంగీకరించిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణంలో ఆడుకోవడం పిల్లల హక్కు అని స్పష్టంగా ఉంది. ఆ హక్కు మన పల్లె బడి దాకా వచ్చేసరికి నూరుమంది లెక్క దగ్గర ఆగిపోయింది.

3. ఎంపిక చేసుకునే రాజ్యం

మూడో దశ ఎంపికది. 1993లో హకీంపేటలో క్రీడా పాఠశాల ఏర్పడింది. నాలుగో తరగతిలో చేర్చుకోవడానికి మండలం నుంచి జిల్లాకు, జిల్లా నుంచి రాష్ట్రానికి వడపోత జరుగుతుంది. ఎత్తు, బరువు, ముప్పై మీటర్ల పరుగు, ఎనిమిదివందల మీటర్ల పరుగు, నిలుచున్నచోటి నుంచి దూకడం, మెడిసిన్ బాల్ విసరడం, నడుము వంగే తీరు, ఇటువంటి పరీక్షలు పెట్టి మార్కులు వేస్తారు. పేదపిల్లకు కూడు, బట్ట, చదువు, శిక్షణ ఒకేచోట దొరికే ఇటువంటి సంస్థను తేలిగ్గా కొట్టిపారేయడం విమర్శ కాదు. కాని మొదటి రెండు కొలతలు ఎత్తూ బరువూ అన్న సంగతి మరచిపోరాదు. ఎనిమిదేళ్ల పిల్ల ఎత్తును నిర్ణయించేది ప్రతిభ మాత్రమే కాదు, తల్లి కడుపులో ఉన్ననాటి నుంచి ఆ ఇంటికి దొరికిన తిండి. కరువు నేలలో పుట్టిన శరీరాన్ని కొలబద్ద దగ్గర నిలబెట్టి అర్హత లేదంటే, ఆ కొలబద్ద కరువునే కొలిచినట్టు.

ఇక పాఠశాల క్రీడల సమాఖ్య పోటీలు. పద్నాలుగేళ్లలోపు, పదిహేడేళ్లలోపు, పంతొమ్మిదేళ్లలోపు అని విభాగాలు. మండలం, జిల్లా, రాష్ట్రం, జాతీయం అని మెట్లు. జాతీయస్థాయి బడి పోటీలో పాల్గొన్నవారికి దక్కే ధ్రువపత్రానికి ఉద్యోగ ప్రకటనల్లో 'ఫారం-4' అని పేరు. సర్కారీ కొలువుల్లో క్రీడాకారులకు ఉన్న రెండు శాతం రిజర్వేషన్‌కు పనికివచ్చే నాలుగు ఫారాల్లో అది ఒకటి. ఇంజనీరింగు ప్రవేశాల్లోనూ క్రీడల కోటా ఉంది. దీంతో ఆట విలువ ఆటలో కాక కాగితంలో స్థిరపడింది. విలువైన కాగితం చుట్టూ దొంగ కాగితం పుట్టడం సహజం. వయసు మోసాలను అరికట్టడానికి కేంద్రం 2010లో ప్రత్యేక నియమావళినే తేవలసివచ్చింది. మోసం చేసేవాడిని పట్టుకోవడానికి పెట్టిన తనిఖీ, కాగితం లేనివాడి మీద మొదట పడుతుంది. మోసం చేయగలవాడికి కాగితాలు ఎప్పుడూ సిద్ధంగానే ఉంటాయి.

అయితే నిబంధనలన్నీ అణచివేతే అనడం అతివాదం. కబడ్డీలో బరువు హద్దు లేకపోతే బక్కపిల్లవాడు బరిలో నిలవలేడు. వయో విభాగాలు లేకపోతే ఏడో తరగతి పిల్ల పదో తరగతి పిల్ల ముందు ఓడిపోవడానికే పోవాలి. ఆడపిల్లలకు విడిగా పోటీలు పెట్టమని నిబంధన లేకపోతే ఎన్నో బడులు ఆడపిల్లల జట్టును పంపేవే కావు. 2017 డిసెంబరులో ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో పసిఫిక్ పాఠశాల క్రీడలకు వెళ్లిన ఢిల్లీ బాలిక సముద్రంలో మునిగి చనిపోయినప్పుడు, పిల్లలను పరదేశం తీసుకుపోయే వ్యవస్థకు జవాబుదారీ నిబంధనలు ఎంత అవసరమో దేశానికి తెలిసివచ్చింది.

నిబంధనలు మనవాళ్ల చేతిలో పడితే ఏం సాధించవచ్చో కూడా చూశాం. అలంపురంలో పుట్టిన ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ 2012 నుంచి 2021 దాకా సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా ఉన్నకాలంలో, 2014 మే 25న గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ, ఆమెతోపాటు ఆనంద్‌కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. నేపాల్ వైపు నుంచి పదహారేళ్లలోపువారికి అనుమతి లేదు కనుక టిబెట్ వైపు నుంచి ఎక్కించారు. ఒక గిరిజన బాలిక కోసం సంస్థ మొత్తం నిబంధనల పుస్తకం తిరగేసి దారి వెతికింది. మామూలు పల్లె బడి పిల్ల కోసం అలా వెతికేవారు ఎవరు? 2017లో గురుకులాల వ్యాయామోపాధ్యాయుల నియామకానికి వెలువడిన ప్రకటనే వ్యాజ్యాల్లో చిక్కి ఏళ్ల తరబడి నిలిచిపోయింది. ఈల ఊదవలసినవాళ్లు కోర్టు వాయిదాలు లెక్కబెట్టుకున్నారు.

4. నడిగడ్డ: రెండు పూటలు ఎవరివి?

కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్న గద్వాల, అలంపురం ప్రాంతాన్ని నడిగడ్డ అంటారు. ఇక్కడ సీడ్ పత్తి పండుతుంది. హైబ్రిడ్ పత్తి విత్తనం తయారుకావాలంటే ఆడ చెట్టు మొగ్గను సాయంకాలం చేత్తో ఒలిచి, మర్నాడు పొద్దున మగపువ్వు పుప్పొడిని దానికి రుద్దాలి. దీన్ని క్రాసింగ్ అంటారు. చిన్నచేతులు, ముఖ్యంగా ఆడపిల్లల చేతులు ఈ పనికి కావాలని కంపెనీల తరఫు ఆర్గనైజర్లు, రైతులు, తల్లిదండ్రులు అందరూ నమ్ముతూ వచ్చారు. ఈ పంటలో బాలకార్మికుల సంగతి మీద దేశవిదేశాల్లో ఎన్నో నివేదికలు వచ్చాయి. ఆ నివేదికలన్నీ బడి మానిన పిల్లల్ని లెక్కపెట్టాయి. బడి మానకుండానే ఆట మానిన పిల్లల్ని ఎవరూ లెక్కపెట్టలేదు.

క్రాసింగ్ జరిగేది వానాకాలం చివర, ఆగస్టు దాటి రెండు మూడు నెలలు. మండల, జిల్లా స్థాయి బడి పోటీలు జరిగేదీ అప్పుడే. క్రాసింగ్‌కు కావలసింది పొద్దున పూట, సాయంకాలం పూట. ఖోఖో సాధనకు కావలసిందీ ఆ రెండు పూటలే. నడుమ ఉన్న పగటివేళ బడికి వచ్చే పిల్ల హాజరుపట్టీలో ఉంటుంది, చట్టానికి తృప్తిగా ఉంటుంది. ఆమె పోగొట్టుకున్నది ఏ పట్టీలోనూ ఉండదు.

ఇంతకూ చట్టం ఏమన్నది? 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి పద్నాలుగేళ్లలోపు పిల్లలతో పని చేయించడాన్ని నిషేధించారు. దానికి రెండు మినహాయింపులు పెట్టారు. బడివేళలు దాటిన తర్వాతా, సెలవుల్లోనూ పిల్లలు సొంత కుటుంబానికి పనిలో సాయపడవచ్చు. రెండోది, సినిమా, టీవీ వంటి వినోదాల్లోనూ, సర్కస్ తప్ప క్రీడా కార్యక్రమాల్లోనూ పాల్గొనవచ్చు. ఈ రెండు మినహాయింపులను పక్కపక్కన పెట్టి చదవండి. బడి తర్వాతి వేళను చట్టం ఒక చేత్తో పొలానికి ఇచ్చింది, మరో చేత్తో ఆటకు ఇచ్చింది. ఒకే వేళ ఇద్దరికి ఇస్తే దాన్ని ఎవరు తీసుకుంటారు? అప్పుచేసి సీడ్ వేసిన తండ్రి ఒక్కమాటలో జవాబు చెప్పాడు నాకు: "ఆటకు పోతే కూలి ఎవరిస్తరు సారూ?" ఆ మాటలో కాఠిన్యం లేదు, లెక్క ఉంది.

5. వనపర్తి దారులు, నల్లమల విల్లు

వనపర్తి రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తున్నది. రాజుల ఇల్లు బడి కావడం మన చరిత్రలో నిజమైన ముందడుగే. కాని ఆ పట్టణం చుట్టుపక్కల ఊళ్లనుంచి మరో ప్రయాణం తరతరాలుగా సాగింది. దేశంలో ఎక్కడ డ్యాము కట్టినా, కాలువ తవ్వినా పాలమూరు లేబరు కనిపించేవారు. కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల నీళ్లు వచ్చాక పరిస్థితి కొంత మారింది కాని, వలస పూర్తిగా ఆగలేదు. 2011 లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జిల్లాలన్నింటిలోకి అక్షరాస్యతలో అట్టడుగున ఉన్నది పాలమూరే. తల్లిదండ్రులతో పోయిన పిల్లకు ఏ బడిలోనూ నిలకడైన హాజరు ఉండదు. అర్హతా పత్రం మీద ప్రధానోపాధ్యాయుడు సంతకం చేయాలంటే ఆ పిల్ల ఆ బడిలో చదువుతూ ఉండాలి. బయటి ఆటగాళ్లను తెచ్చి జట్టులో చొప్పించే బడులను ఆపడానికి పెట్టిన మంచి నిబంధన ఇది. మట్టి మోసే తల్లి వెంట పోయిన పిల్లకు అదే అడ్డుగోడ అయింది. ఒకే నిబంధన రెండు వర్గాల మీద రెండు రకాలుగా పనిచేస్తుందనడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కర్లేదు.

నాగర్‌కర్నూలు దక్షిణాన నల్లమల ఉంది. అమ్రాబాదు, మన్ననూరు అడవుల్లోని చెంచులకు విల్లు ఆట వస్తువు కాదు, బతుకు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది. తర్వాత ఆ అడవి పులుల అభయారణ్యమైంది. వేట ఆగడం అడవికి అవసరమే కావచ్చు. కాని ఒక జాతి చేతి నేర్పు ఒక్కసారిగా నేరమైపోయింది. ఇటు బడి పోటీల్లో విలువిద్య ఒక క్రీడ. కర్రవిల్లుతో ఆడే ఇండియన్ రౌండ్ అనే విభాగం కూడా ఉంది. 1984లో ఏర్పడిన భారత క్రీడా ప్రాధికార సంస్థ గిరిజన ప్రాంతాల్లో చేసిన వెతుకులాటలో రాజస్థాన్ గిరిజనుడు లింబారామ్ దొరికాడు, 1988 నుంచి మూడు ఒలింపిక్స్ ఆడాడు. అంటే అడవి విల్లుకూ మైదానపు విల్లుకూ నడుమ వంతెన కట్టడం అసాధ్యమేమీ కాదు. కట్టాలనుకున్నచోట కట్టారు. అటవీశాఖ విల్లును లాక్కుంటే విద్యాశాఖ విల్లును ఇవ్వాలన్న ఆలోచన ఆశ్రమ పాఠశాల ప్రణాళికలోనే ఉండవలసింది.

6. ఒక తేదీ

ఇప్పటిదాకా రాజ్యం గురించి రాశాను. రాజ్యం అంటే ఎక్కడో హైదరాబాదులో, ఢిల్లీలో ఉండేది మాత్రమే కాదు. అడ్మిషన్ రిజిస్టరు ముందు కలం పట్టుకుని కూర్చున్న బడిపంతులు కూడా రాజ్యమే.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నడిగడ్డలోని ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేశాను. బడిబాటలో పిల్లల్ని చేర్చుకుంటున్నప్పుడు ఒక తల్లి కూతురిని వెంటబెట్టుకు వచ్చింది. ఎప్పుడు పుట్టిందమ్మా అంటే పీర్ల పండుగప్పుడు అన్నది. పీర్ల పండుగ ఏటా పదకొండు రోజులు ముందుకు జరుగుతూ పోతుంది. ఏ ఏడు పీర్ల పండుగో తేల్చే ఓపిక నాకు లేకపోయింది. చేర్చుకోవడానికి అయిదేళ్లు నిండాలి, పైనుంచి నమోదు పెంచమని ఒత్తిడి. అందరికీ రాసినట్టే ఆమెకూ అయిదు నిండేటట్టు వెనక్కి లెక్కగట్టి జూన్ నెలలో ఒక తేదీ రాశాను. మా ప్రాంతపు రిజిస్టర్లు తిరగేస్తే సగం ఊరు జూన్‌లోనే పుట్టినట్టు కనిపిస్తుంది. ఆ జూన్‌లన్నీ మాలాంటి పంతుళ్లు కన్నవే.

కొన్నేళ్లకు నేను ఉన్నత పాఠశాలకు తెలుగు ఉపాధ్యాయుడిగా వెళ్లాను. ఆ పిల్ల కూడా అక్కడికే వచ్చింది. ఖోఖోలో స్తంభం దగ్గర ఆమె మలుపు తిరిగే వేగం చూసి మా డ్రిల్లు సారు చాలాకాలానికి ఒక ఆటగత్తె దొరికిందన్నాడు. క్రాసింగ్ రోజుల్లో కూడా తండ్రిని ఒప్పించి సాయంకాలాలు ఆపుకున్నాడు. పద్నాలుగేళ్లలోపు విభాగంలో జిల్లా స్థాయి దాటింది. అర్హతా పత్రం నింపేటప్పుడు జనన ధ్రువపత్రం జతచేయాలి. తల్లి ఎక్కడినుంచో సంపాదించి తెచ్చిన పత్రంలో ఫిబ్రవరి నెల ఉంది, నేను రాసిన జూన్‌కు ఎనిమిది నెలల తర్వాత. నా జూన్ ప్రకారం ఆమె హద్దు దాటింది, ఫిబ్రవరి ప్రకారం దాటలేదు. రెండు కాగితాల్లో రెండు తేదీలు ఉన్నాయి కనుక పత్రం వెనక్కి వచ్చింది. రిజిస్టరులో తేదీ దిద్దించడానికి దరఖాస్తు పెట్టాం. ఆ దరఖాస్తు తిరిగి వచ్చేసరికి ఆటల కాలం, పత్తి కాలం రెండూ అయిపోయాయి. ఆ తర్వాతి సంవత్సరం ఆమె సాయంకాలాలు మైదానంలో లేవు.

మోసం చేయాలని ఎవరూ చేయలేదు. తనిఖీ చేసినవారు తమ విధి నిర్వర్తించారు. తండ్రి ఒప్పుకున్నాడు, డ్రిల్లు సారు కష్టపడ్డాడు, పిల్ల ఆడింది. తేదీ ఒక్కటే అబద్ధం, ఆ అబద్ధం రాసింది నేను. నాకు అది ఒక గడి నింపడం, ఆమెకు అది ఒక జీవితపు హద్దు. ఈ సంగతి పశ్చాత్తాపం ప్రకటించుకోవడానికి రాయడం లేదు. నిబంధన క్రూరంగా ఉండనక్కర్లేదు, దాన్ని అమలుజరిపేవాడు దుర్మార్గుడు కానక్కర్లేదు, అయినా నిరక్షరాస్యుల బిడ్డ బయటే నిలబడుతుంది అని చెప్పడానికి రాస్తున్నాను. మనం కథల్లో రాజ్యహింసను లాఠీ రూపంలో గుర్తుపట్టడం నేర్చుకున్నాం. నీలిసిరా రూపంలో గుర్తుపట్టడం ఇంకా నేర్చుకోవాలి.

7. రచయితల ముందున్న పని

ఈ చర్చ సారాంశం ఇది. నిజాం రాజ్యం యువకుల శరీరాన్ని అనుమానించింది. స్వతంత్ర రాజ్యం తొలి దశలో దాన్ని క్రమశిక్షణలో పెట్టింది. తరువాతి దశలో దానిలోంచి కొన్నింటిని ఏరుకుని, మిగతావాటిని వదిలేసింది. మూడు దశల్లోనూ ఆటను పిల్ల హక్కుగా గుర్తించడం జరగలేదు. 2025లో జాతీయ క్రీడా పాలన చట్టం వచ్చింది. సమాఖ్యల ఎన్నికలు, వివాదాల పరిష్కారం వంటివి దానిలో ఉన్నాయి. అవి అవసరమే. కాని నడిగడ్డ పిల్ల సాయంకాలం ఎవరిది అన్న ప్రశ్న క్రీడాచట్టం పరిధిలోది కాదు. అది విత్తన కంపెనీ చెల్లించే ధరలో, రైతు అప్పులో, కూలి రేటులో, పంచాయతీ జనన నమోదులో, బడి కాలపట్టికలో చెదిరి ఉంది. చెదిరి ఉన్నదాన్ని ఒకచోట చేర్చి చూపించగలిగింది సాహిత్యం ఒక్కటే.

పాలమూరు వలస మీద మన కవులు పాటలు కట్టారు, కథకులు కథలు రాశారు. ఆ పాటల్లో అమ్మ ఉంది, మట్టితట్ట ఉంది, ఎండిన బావి ఉంది. ఈలకోసం చెవి అప్పగించి పుప్పొడి రుద్దుతున్న పిల్ల ఇంకా రాలేదు. ఆమె గురించి రాయాలంటే రచయిత పత్తి మొగ్గ ఒలిచే తీరు తెలుసుకోవాలి, ఖోఖో నియమాలు తెలుసుకోవాలి, అర్హతా పత్రంలో ఎన్ని గడులున్నాయో తెలుసుకోవాలి. జాలి మాత్రమే చాలదు, వివరం కావాలి. ప్రతాపరెడ్డిగారు కావ్యాలను చరిత్రకు సాక్ష్యంగా పిలవగలిగారంటే ఆ కవులు ఆటల పేర్లైనా శ్రద్ధగా రాసిపెట్టబట్టే. రేపటి చరిత్రకారుడు మనల్ని సాక్ష్యానికి పిలిచినప్పుడు మన దగ్గర పేర్లతోపాటు కారణాలు కూడా ఉండాలి.

సాహిత్య విద్యార్థులకు ఒక్క విన్నపం. సెలవుల్లో మీ ఊరి బడికి వెళ్లి అడ్మిషన్ రిజిస్టరు చూడండి. జూన్ నెలలో ఎంతమంది పుట్టారో లెక్కపెట్టండి. తర్వాత పొద్దుగూకే వేళ ఆటస్థలానికి వెళ్లి ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఈ రెండు లెక్కల నడుమ ఉన్నదంతా మనం ఇంకా రాయవలసి ఉన్న చరిత్ర.